ఈఎస్‌పీ32తో నీళ్ల ట్యాంకు మోటారు ఆటోమేటిక్: ఎకో వైరు దగ్గర జాగ్రత్త

నమస్కారం. మేడ మీది ట్యాంకు నిండి నీరు పొర్లిపోకుండా, మోటారు దానంతట అదే ఆగేలా ఈ వీడియోలో ఒక సర్క్యూటు తయారు చేద్దాం. కావలసినవన్నీ బల్ల మీద కనిపిస్తున్నాయి: ఇది కోడ్‌తో నడిచే చిన్న కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32, ఇది శబ్ద తరంగాలతో దూరం కొలిచే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అనే అల్ట్రాసోనిక్ సెన్సరు, ఇది బోర్డు చెప్పినట్టు స్విచ్చిలా పనిచేసే రిలే మాడ్యూలు, ఇవి మూడు 1 కిలో ఓమ్ రెసిస్టర్లు. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే సెన్సరు ఇంతకంటే చౌక, కానీ ట్యాంకులోని తేమకు అది నిలవదు కనుక నేను దీన్నే వాడతాను.

ముందుగా కంప్యూటరులో, కోడ్ రాసి బోర్డులోకి ఎక్కించే ఆర్డుయినో ఐడీఈ తెరిచి, బోర్డు, పోర్టు ఎంచుకోండి. పోర్టు కనిపించకపోతే కేబుల్ మార్చి చూడండి, ఎందుకంటే కొన్ని కేబుళ్లు చార్జింగుకే తప్ప డేటాకు పనికిరావు. అప్‌లోడ్ చేయడానికి మెనూలోకి వెళ్లనవసరం లేదు, కంట్రోల్, యూ కలిపి నొక్కితే చాలు. నాకు అదే అలవాటు.

ఇక వైరింగ్. సెన్సరుకు కరెంటు ఇచ్చే వీసీసీ 5 వోల్టుల పిన్నుకు, గ్రౌండు గ్రౌండుకు, శబ్దం పంపమని చెప్పే ట్రిగ్ 27వ పిన్నుకు వెళ్తాయి. శబ్దం తిరిగి వచ్చిన సమయాన్ని బోర్డుకు తెలిపే ఎకో వైరును మాత్రం ఇప్పుడే కలపకండి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. సెన్సరు 5 వోల్టులతో నడుస్తుంది కనుక ఎకో వైరులో వచ్చేది కూడా దాదాపు 5 వోల్టులే. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులకు తయారైనవి. నేరుగా కలిపినా మొదట్లో పనిచేస్తున్నట్టే కనిపించవచ్చు, అదే అసలు ప్రమాదం, ఎందుకంటే పిన్ను ఎప్పుడు దెబ్బతింటుందో బయటికి తెలియదు. అందుకే మూడు రెసిస్టర్లనూ ఇలా వరుసగా కలపండి. ఒక కొస ఎకోకు, రెండో కొస గ్రౌండుకు. ఎకో వైపు నుంచి మొదటి రెసిస్టరు ముగిసే చోటు నుంచి, సరిగ్గా ఇక్కడి నుంచి, వైరు తీసి 33వ పిన్నుకు ఇస్తాం. 5 వోల్టులలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 3.3 వోల్టులు, అక్కడ మిగులుతాయి.

కలిపే ముందు కొలిచి చూడండి. ఎకో పల్సు చాలా చిన్నది కనుక మామూలు మల్టీమీటరు దాన్ని సరిగా చూపలేదు. అందువల్ల ఎకోకు వెళ్లవలసిన కొసను కాసేపు 5 వోల్టుల పిన్నుకు తాకించి, వైరు తీసిన చోట కొలవండి. మీటరులో 3.3 దగ్గర కనిపిస్తోంది కదా. 1.7 దగ్గర కనిపిస్తే వైరును రెండో రెసిస్టరు తరువాత తీశారన్నమాట. ఒకటి వెనక్కి జరపండి. సరిపోయాకే ఎకోనూ, 33వ పిన్నునూ కలపండి.

కోడ్ తెర మీద ఉంది. శబ్దం నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని, మైక్రోసెకన్లలో తీసుకుని, 58తో భాగిస్తే సెంటీమీటర్లలో దూరం వస్తుంది. 5,800 వస్తే నీరు 100 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఎకో రాకపోతే విలువ సున్నా అవుతుంది, అప్పుడు మోటారు ఆగిపోవాలి. ఈ వరుస తప్పక ఉంచండి. ఈ సెన్సరు 20, 25 సెంటీమీటర్ల కంటే దగ్గరి దూరాన్ని నమ్మకంగా కొలవలేదు కనుక, నీరు సెన్సరుకు 30 సెంటీమీటర్ల దూరానికి రాగానే మోటారు ఆగేలా, 90 దాటాకే మళ్లీ మొదలయ్యేలా రాశాను. మీ ట్యాంకు లోతును బట్టి రెండో అంకెను మార్చుకోండి. మధ్యలో ఆ ఎడం లేకపోతే నీటి అలలకే మోటారు పదేపదే ఆగి, మొదలవుతుంది.

రిలేను 26వ పిన్నుకు కలపండి. 1 హెచ్‌పీ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, దానితో ఈ చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతే మోటారు ఆగనే ఆగదు. అందుకని రిలేతో, ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్చి అయిన కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడిపించి, మోటారును కాంటాక్టర్‌కు ఇవ్వండి. 230 వోల్టుల వైపు పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. ఆ పని జరిగే లోపు రిలేకు ఏమీ కలపకుండా, సెన్సరు ముందు అట్ట ముక్కను ఇలా దగ్గరికీ, దూరానికీ జరుపుతూ 30 దగ్గర, 90 దగ్గర టక్ మనే శబ్దం వస్తోందో లేదో చూసుకోండి.