సొలేర్ నిజంగా దేవుడి కొడుకేనా? డార్క్ సోల్స్‌లో పేరు చెరిపేసిన దేవుడి కథ

డార్క్ సోల్స్ ఆడినవాళ్లను ఎవరినైనా అడగండి, ఈ గేమ్‌లో మీకు బాగా నచ్చిన మనిషెవరు అని. చాలామంది నోట వచ్చే పేరు ఒకటే, సొలేర్. ఛాతీ మీద సూర్యుడి బొమ్మ, ఆకాశం వైపు చాచిన రెండు చేతులు. ఈ సొలేర్ మామూలు మనిషి కాదు, సాక్షాత్తూ దేవతల రాజు గ్విన్ పెద్ద కొడుకు అని 2011లో గేమ్ వచ్చినప్పటి నుంచి అభిమానులు వాదిస్తూనే ఉన్నారు. ఈరోజు ఆ థియరీ సంగతి చూద్దాం. మొదటి గేమ్, మూడో గేమ్ రెండింటి కథా ఇందులో బయటపడిపోతుంది. కాబట్టి ఇంకా ఆడనివాళ్లు ఆడాక రండి.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. మొదట్లో లోకమంతా పొగమంచు, చావులేని డ్రాగన్లు. తర్వాత నిప్పు పుట్టింది. ఆ నిప్పులో దొరికిన శక్తితో గ్విన్ మెరుపులు విసిరి డ్రాగన్లను కూల్చాడు. ఆనార్ లోండో అనే నగరం నుంచి దేవతలను ఏలాడు. ఆయన పిల్లల్లో గ్వినెవీర్, గ్విన్‌డోలిన్ అనే ఇద్దరి పేర్లు మొదటి గేమ్‌లోనే మనకు తెలుస్తాయి. కానీ అందరికంటే పెద్దవాడి పేరు మాత్రం గేమ్‌లో ఎక్కడా ఉండదు.

అతని గురించి తెలిసేదంతా వస్తువుల మీద రాసిన నాలుగు వాక్యాల వల్లే. ఒక ఉంగరం వివరణలో ఇలా ఉంటుంది: గ్విన్ పెద్ద కొడుకు యుద్ధ దేవుడు, ఏదో తెలివితక్కువ పని చేసి దైవత్వం పోగొట్టుకున్నాడు, ఇప్పుడు అతని పేరు కూడా ఎవరికీ తెలీదు. ఆ తెలివితక్కువ పని ఏమిటో మాత్రం చెప్పరు. ఆనార్ లోండోలో గ్విన్‌డోలిన్‌ని ఓడించి, ఆ పొడవాటి దారి చివరి దాకా వెళ్తే గ్విన్ శవపేటిక దగ్గర ఒక మంత్రం దొరుకుతుంది. దైవత్వం తీసేసిన రోజు పెద్ద కొడుకు దాన్ని తండ్రి శవపేటిక మీద వదిలి వెళ్లాడని, బహుశా అదే చివరి వీడ్కోలు అని దాని మీద ఉంటుంది. ఒక్క డైలాగ్ లేదు, సీన్ లేదు. అయినా అది చదివాక నాకు కాసేపు కంట్రోలర్ ముట్టుకోబుద్ధి కాలేదు.

ఇక అసలు సాక్ష్యానికి వద్దాం. సొలేర్ సూర్య యోధుల కూటమికి చెందినవాడు. ఆ కూటమి తరఫున సాయం చేసినవాళ్లకు కొద్దిగా వెచ్చగా ఉండే ఒక పతకం ఇస్తారు. ఆ పతకం మీది గుర్తు ఎవరిది? పేరు చెరిపేసిన ఆ పెద్ద కొడుకుదే. అంతటితో ఆగకుండా ఇంకో మాట కూడా ఉంది. ఆ పాత యుద్ధ దేవుడు ఇప్పటికీ తన యోధులను దగ్గరుండి చూసుకుంటున్నాడట.

ఈ ఒక్క మాట చాలు, థియరీ అక్కడే పుట్టింది. దగ్గరుండి చూసుకోవడం అంటే ఏమిటి? యోధుడి వేషంలో వాళ్ల మధ్యే తిరుగుతున్నాడన్నమాట! సొలేర్ మెరుపులు విసురుతాడు, గ్విన్ కూడా విసురుతాడు. కూటమి గుడిలో విగ్రహం విరిగిపోయి ఉంటుంది. "నా సొంత సూర్యుడి కోసం వెతుకుతున్నాను" అంటాడు సొలేర్. దైవత్వంతో పాటు జ్ఞాపకాలూ పోయిన కొడుకు, తెలియకుండానే తండ్రి ఇంటి దారి పట్టాడని అభిమానులు దాన్ని అర్థం చేసుకున్నారు. పైగా సొలేర్‌ని బతికించుకుంటే చివర్లో గ్విన్‌తో యుద్ధానికి అతన్నే పక్కన పిలుచుకోవచ్చు. ఆరిపోతున్న నిప్పును నిలబెట్టడానికి తనను తాను కాల్చుకుని బూడిదైపోయినా ఇంకా పోరాడుతున్న తండ్రి ఎదుట, తానెవరో తెలియని కొడుకు కత్తి పట్టుకుని నిలబడతాడు. ఇంత గొప్ప సీన్‌ని ఎవరు మాత్రం కాదనుకుంటారు?

మనకైతే ఇది ఇంకా తొందరగా ఎక్కుతుంది. సూర్యుడి బిడ్డ, అందరికంటే పెద్దవాడు, పుట్టుక దాగిపోయింది, సొంతవాళ్ల మీదే యుద్ధానికి దిగాడు. చిన్నప్పటి నుంచి కర్ణుడి కథ వింటూ పెరిగినవాళ్లం కదా, సొలేర్‌ని చూడగానే మనసు అటే పోతుంది.

కానీ ఈ థియరీ నిలబడదు. పడగొట్టింది కూడా వేరెవరో కాదు, మొదటి గేమే.

సొలేర్ వస్తువుల మీద ఏం రాసి ఉందో చూడండి. కవచం మీది సూర్యుడి బొమ్మకు ఏ శక్తీ లేదు, దాన్ని సొలేరే తన చేత్తో గీసుకున్నాడు. డాలు మీదిదీ అంతే. అతని సామర్థ్యమంతా సొంత సాధనతో వచ్చిందే తప్ప మరో కారణం లేదని ఆ డాలు వివరణ తేల్చి చెప్పేస్తుంది. కత్తి కూడా మామూలు మంచి కత్తే, దాన్ని జాగ్రత్తగా చూసుకున్నాడంతే. కర్ణుడు కవచ కుండలాలతో పుట్టాడు. ఇతను రంగు తెచ్చుకుని తన సూర్యుడిని తనే వేసుకున్నాడు.

ఇంకో సంగతి గమనించారా? ఆ కవచం, ఆ కత్తి అతను చనిపోతేనే మన చేతికొస్తాయి. మనం ముందే కాపాడుకోకపోతే, లాస్ట్ ఇజలిత్ అనే చోట వెలుగు చిమ్మే ఒక పురుగు అతని తలకు పట్టుకుంటుంది. అదే తన సూర్యుడనుకుని పిచ్చెత్తిపోయి మన మీదికే వస్తాడు. చంపక తప్పదు. అతను పోయాక ఇన్వెంటరీ, అంటే మన వస్తువుల జాబితా, తెరిస్తే అప్పుడు తెలుస్తుంది, ఇతను ఏ దేవుడి బిడ్డా కాదని. ఆ రాత పెట్టిన చోటు చూడండి! సొలేర్‌ని దేవుడిని చేస్తే అతను సాధించినదంతా పుట్టుక ఖాతాలోకి పోతుంది. అది నాకు అస్సలు ఇష్టం లేదు.

ఈ గేమ్ డైరెక్టర్ హిడెటాకా మియాజాకి చిన్నప్పుడు తన స్థాయికి మించిన పుస్తకాలు చదివేవారట. అర్థంకాని చోట్ల బొమ్మలు చూసి కథ ఊహించుకునేవారట. ఆయన గేముల్లో ఖాళీలు ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఖాళీ వదిలినంత మాత్రాన ఏది పడితే అది నింపేయమని కాదు. కొన్ని తలుపులు ఆయనే మూసి గడియ పెడతారు. సొలేర్ డాలు అలాంటి గడియే.

మరి పెద్ద కొడుకు ఎవరు? కొందరు తెల్లగడ్డం చూసి కమ్మరి ఆండ్రే అన్నారు. దానికి బలం తక్కువ, వదిలేద్దాం. గట్టి జవాబు 2016లో డార్క్ సోల్స్ 3తో వచ్చింది. అందులో ఆర్చ్‌డ్రాగన్ పీక్ అనే రహస్య శిఖరం ఉంది. ఇరిథిల్ చెరసాల దగ్గర కొండ అంచున ధ్యానంలో కూర్చున్నట్టున్న ఒక కళేబరం పక్కన మనమూ అలాగే కూర్చుంటే గానీ అక్కడికి చేరలేం. పైన పెద్ద గంట కొడితే మేఘాలు కమ్ముకుని, డ్రాగన్ మీద స్వారీ చేస్తూ ఒకడొస్తాడు. అతనే నేమ్‌లెస్ కింగ్. డ్రాగన్లను వేటాడిన యుద్ధ దేవుడు, ఆ డ్రాగన్లతోనే చేతులు కలపడానికి సర్వం వదులుకున్నాడని, ఓడించాక దొరికే అతని సోల్ (ఆత్మ) అనే వస్తువు వివరణ చెబుతుంది. కిరీటం గ్విన్ కిరీటంలా ఉంటుంది. ఆయుధమేమో అతన్ని మెరుపుకు వారసుడు అంటుంది. మొదటి గేమ్‌లో చెప్పని ఆ "తెలివితక్కువ పని" ఇదే. తండ్రి ఎవరిని చంపి రాజయ్యాడో, కొడుకు వాళ్ల పక్షానికే వెళ్లిపోయాడు.

ఫైట్ మధ్యలో అతని డ్రాగన్ కూలిపోతుంది. అప్పుడతను ఒక్క క్షణం దాని తల మీద చెయ్యి పెట్టి, తర్వాతే ఈటె దించి దాని ప్రాణశక్తిని తనలోకి తీసుకుంటాడు. ఫైట్ టెన్షన్‌లో చాలామంది దాన్ని చూడరు. ఈసారి ఆడినప్పుడు గమనించండి.

ఇక్కడితో కథ తేలిపోయిందనుకుంటే కొత్త చిక్కు మొదలైంది. ఆ శిఖరం మీదే గ్విన్ సేనాని ఆర్న్‌స్టీన్ కవచం దొరుకుతుంది. ఆనార్ లోండోని చాలాకాలం కాపలా కాసిన అతను, నేమ్‌లెస్ కింగ్‌ని వెతుక్కుంటూ ఆ దేశం వదిలి వెళ్లాడని దాని మీద ఉంది. మరి మొదటి గేమ్‌లో, ఆనార్ లోండోలో, స్మౌ అనే ఇంకో కాపలాదారుడితో పాటు మనం చంపిన ఆర్న్‌స్టీన్ ఎవరు? అది గ్విన్‌డోలిన్ సృష్టించిన మాయ అంటారు చాలామంది. మొదటి గేమ్‌లో అక్కడే మనకు కనిపించే గ్వినెవీర్ కూడా అతని మాయే కదా, ఆర్న్‌స్టీన్ ఎందుకు కాకూడదు అని వాళ్ల వాదన.

నాకు అది మింగుడు పడటం లేదు. గ్వినెవీర్ మీద ఒక్క బాణం వేస్తే రూపం చెదిరిపోతుంది, సూర్యకాంతి ఆరిపోయి నగరం చీకటవుతుంది. ఆర్న్‌స్టీన్ అలా చెదిరిపోడు, అతన్ని చివర్లో చంపితే అతని సోల్ మన చేతికొస్తుంది. దాంతో ఆయుధం కూడా చేయించుకోవచ్చు. మాయకు సోల్ ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి గేమ్ కథ జరిగే లోర్డ్రాన్‌లో కాలం మెలికలు తిరిగి ఉంటుందని సొలేర్ మొదట్లోనే చెప్పాడు, కాబట్టి మనం చంపింది అసలైన ఆర్న్‌స్టీన్‌నే అయి ఉండొచ్చు, నేనైతే ఆ దారినే నమ్ముతాను. మాయ థియరీ వైపు ఉన్నవాళ్లు ఆ సోల్ సంగతి తేల్చి కామెంట్‌లో పెట్టండి. గట్టి జవాబులుంటే వచ్చే వీడియోలో వాటి మీదే మాట్లాడదాం.