బ్లాక్ క్రిమ్, కాస్మోనాట్ వోల్కోవ్, ఉక్రేనియన్ పర్పుల్: మన వంటకి ఏది? విత్తనం తీయడం ఎలా?

అందరికీ నమస్కారమండీ. టైమ్ లేనివాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తున్నా. ఈ బల్ల మీదున్న మూడు టమాటా రకాల్లో, మీకు ఒక్క మొక్కకే చోటుంటే కాస్మోనాట్ వోల్కోవ్ పెట్టుకోండి. పచ్చడి కోసమే పెంచేవాళ్ళయితే ఉక్రేనియన్ పర్పుల్. అందరూ ఎగబడి కొనే బ్లాక్ క్రిమ్‌కి మాత్రం నా దగ్గర మూడో స్థానమే. నన్ను తిట్టే ముందు ఎందుకో పూర్తిగా వినండి.

మూడూ ఉక్రెయిన్ వైపు టమాటాలే. మూడూ హైబ్రిడ్ కాదు. అంటే గింజ దాచుకుని మళ్ళీ వేస్తే అదే కాయ కాస్తుంది. ఇక్కడ అమెరికాలో ప్యాకెట్ నాలుగైదు డాలర్లు ఉంటుంది, అందులో పాతిక గింజలుంటే గొప్ప. ఏటా కొనడం నాకిష్టం లేదు. అందుకే ఈ వీడియోలో సగం రుచి గురించి, సగం విత్తనం గురించి. ప్యాకెట్లు నేనే కొన్నాను, ఎవరూ ఫ్రీగా పంపలేదు.

మేముండేది ఒహాయోలో, క్లీవ్‌ల్యాండ్ దగ్గర. పక్కనే పార్మా అనే ఊళ్ళో ఉక్రేనియన్ విలేజ్ అని ఒక పేటే ఉంది. అక్కడి కొట్లో ఉప్పునీళ్ళలో ఊరేసిన పచ్చి టమాటాలు దొరుకుతాయి. అవి తిన్నాకే నాకు ఈ రకాల మీద గాలి మళ్ళింది. ఉక్రెయిన్‌లో ఊరి బయట కూరగాయల మడి లేని కుటుంబాలు తక్కువ. ఫిబ్రవరి, మార్చిలో కిటికీ గట్ల మీద చిన్న డబ్బాల్లో నారు పోస్తారు, మే నెలలో మంచు భయం పోయాక నేలలో నాటుతారు. వేసవి అయ్యేసరికి మూడు లీటర్ల గాజు సీసాల్లో టమాటాలు నింపి, సోయకూర పూలగుత్తులు, వెల్లుల్లి, హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప మొక్క ఆకు వేసి ఊరేస్తారు. మన ఇళ్ళల్లో ఆవకాయ జాడీ ఎలాగో వాళ్ళకా సీసా అలాగ. మా ఒహాయోలోనూ మే మధ్య దాకా మంచు పడుతుంది కాబట్టి వాళ్ళ పద్ధతి మాకు అచ్చంగా సరిపోయింది.

సరే, ముందు బ్లాక్ క్రిమ్. క్రిమ్ అంటే క్రిమియా. నల్ల సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ద్వీపకల్పం, 2014 నుంచి రష్యా ఆక్రమణలో ఉంది. ఈ రకం 1990లో స్వీడన్‌కి చెందిన ఒక విత్తన సేకరణదారు ద్వారా అమెరికాలో పాత రకాల విత్తనాలు కాపాడే సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ వాళ్ళ జాబితాలోకి వచ్చింది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

దగ్గరికి తెస్తున్నా, చూడండి. తొడిమ చుట్టూ ఈ భుజాలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పండలేదనుకోకండి, దీని పండు ఇంతే. అడుగు చూస్తే ఎరుపూ కాదు, నలుపూ కాదు, మట్టి కలిసిన ముదురు రంగు. మామూలు టమాటా పండేటప్పుడు ఆకుపచ్చ రంగు విరిగిపోయి ఎరుపు మాత్రమే మిగులుతుంది. వీటిలో జన్యువులో చిన్న తేడా వల్ల ఆ ఆకుపచ్చ పూర్తిగా పోదు. దాని మీద ఎరుపు ఎక్కితే ఈ రంగు. ఇప్పుడు కోస్తున్నా... గింజల చుట్టూ జిగురు చూడండి, పచ్చగా ఉంది కదా. కత్తి పెట్టగానే పళ్ళెం నిండా రసం.

రుచికి వంక పెట్టలేం. కాస్త ఉప్పు చల్లుకుని పచ్చిగా తింటే ఇంకేమీ అక్కర్లేదు. తీపి ఉంది, వెనకాల కొంచెం పొగ వాసన లాంటిది తగులుతుంది. మరి మూడో స్థానం ఎందుకు? మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి వేసవంతా ఇక్కడే ఉన్నారు. బ్లాక్ క్రిమ్‌తో చారు పెట్టి ఒక్క చెంచా నోట్లో వేసుకుని, "పండు బంగారంలా ఉందమ్మాయ్, చారుకి మాత్రం దండగ" అన్నారు. పులుపు చాలదు. చింతపండు వేయక తప్పదు. చింతపండు వేశాక ఆ సన్నటి రుచి ఎక్కడికి పోతుందో దేవుడికెరుక. పప్పులో వేస్తే రంగు కూడా బురదగా మారుతుంది. ఇంట్లో పిల్లలు ముందు రంగు చూసే గిన్నె నెట్టేశారు.

దీనికి తోడు పగుళ్ళు. ఈ కాయ చూడండి, తొడిమ చుట్టూ గీతలు గీతలుగా విచ్చింది. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా వానపడితే లోపల గుజ్జు ఉబ్బుతుంది, తోలు తట్టుకోలేదు. అన్ని పెద్ద టమాటాలకీ ఉన్న రోగమే కానీ బ్లాక్ క్రిమ్‌కి మరీ ఎక్కువ. మొదళ్ళలో ఎండుగడ్డి మందంగా పరిచి, నీళ్ళు వేళ తప్పకుండా పెడితే సగం తగ్గుతుంది. నాకయితే, వాన వస్తుందని ఫోన్‌లో చూస్తే రంగు తిరిగిన కాయలన్నీ ముందురోజే కోసేయడం అలవాటు. లోపల గట్టు మీద పెడితే అవే పండుతాయి, రుచి పెద్దగా తగ్గదు.

రెండోది కాస్మోనాట్ వోల్కోవ్. పేరు వెనకున్న మనిషి వ్లదిస్లావ్ వోల్కోవ్, సోవియట్ వ్యోమగామి. 1969లో సోయుజ్ 7లో వెళ్ళొచ్చాడు. 1971 జూన్‌లో సోయుజ్ 11లో వెళ్ళి, తిరిగొస్తూ నౌకలో గాలి పోయి ముగ్గురూ చనిపోయారు. ఆ ముగ్గురిలో కమాండర్ దొబ్రోవోల్‌స్కీ పుట్టింది ఒడెసాలో. ఈ టమాటాని తయారుచేసింది ద్నిప్రో ప్రాంతంలో రిటైరయిన ఒక అంతరిక్ష ఇంజనీర్ అని విత్తన కేటలాగులు రాస్తాయి. ద్నిప్రో రాకెట్లు తయారుచేసే ఊరు, సోవియట్ రోజుల్లో బయటిదేశం వాళ్ళని రానిచ్చేవారు కాదు. అలాంటి చోట టమాటాకి వ్యోమగామి పేరు పెట్టారంటే ఆశ్చర్యమేం లేదు. ఇంకో మాట. దీన్ని "తాతముత్తాతల నాటి రకం" అని అమ్మేవాళ్ళని నమ్మకండి. వోల్కోవ్ పేరే 1969 తర్వాత జనానికి తెలిసింది. వయసుతో మనకేం పని? గింజ నిలబడుతుందా లేదా, అంతే.

చూడ్డానికి మామూలు ఎర్ర టమాటా. కొంచెం బల్లపరుపు, పావుకిలోకి కాస్త అటూఇటూ. ఫొటోకి పనికొచ్చే అందం లేదు, అందుకే ఇన్‌స్టాగ్రామ్‌లో కనపడదు. కానీ కోస్తే తీపీ పులుపూ రెండూ గట్టిగా ఉంటాయి. మన నాటు టమాటాలో ఉండే ఆ కరుకు పులుపు దీన్లో నాకు దొరికింది. పప్పులో, చారులో, గుడ్డు పొరుటులో, ఎందులో వేసినా పేరు నిలబెట్టింది. బ్లాక్ క్రిమ్ కంటే ముందే కాపుకొచ్చింది, చలి మొదలయ్యే దాకా కాస్తూనే ఉంది. అత్తయ్యగారు దీన్ని "ఆ ఎర్రది" అంటారు. "ఆ ఎర్రది నాలుగు కోసుకురా" అంటే నాకు ఇంక రివ్యూ అక్కర్లేదు.

మూడోది ఉక్రేనియన్ పర్పుల్. కొన్నిచోట్ల పర్పుల్ రష్యన్ అని అమ్ముతారు, రెండూ ఒకటే. కోలగా, చివర కొంచెం మొనతేలి ఉంటుంది. కండ ఎక్కువ, నీరు తక్కువ. బాణలిలో తొందరగా దగ్గరపడుతుంది, గ్యాస్ ఖర్చు కలిసొస్తుంది. ఎండుమిర్చి, మెంతులు వేయించి రుబ్బిన నిల్వ పచ్చడికి ఇది చాలా బాగా కుదిరింది. ఒక్క ఇబ్బంది ఉంది: మొదటి కాయలకి అడుగు నల్లగా కుళ్ళింది. కోల టమాటాలకి ఇది మామూలే. కాయకి సున్నం అందకపోవడం అంటారు కానీ మట్టిలో సున్నం లేకపోవడం తక్కువ, నీళ్ళు ఒకరోజు పెట్టి ఒకరోజు మానేయడం ఎక్కువ. నీళ్ళు కుదురుకోగానే తర్వాతి గుత్తులు శుభ్రంగా వచ్చాయి. గుడ్డు పెంకులు పాతిపెట్టమని చెప్పేవాళ్ళని నేను పట్టించుకోను, అవి కరిగేసరికి సీజన్ అయిపోతుంది.

పెంపకం గురించి ఎక్కువ చెప్పను, ఛానల్లో పాత వీడియోలున్నాయి. మూడూ తీగలా పెరిగే రకాలే, ఆరడుగుల ఊత తప్పదు. నాటేటప్పుడు కింది ఆకులు తీసి కాండం సగం దాకా పాతండి, పాతినంత మేరా వేళ్ళొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. విత్తనం.

విత్తనానికి అందరూ పెద్ద కాయ ఏదా అని వెతుకుతారు. నా మాట విని కాయని వదిలేసి మొక్కని చూడండి. ఒక మొక్కకి కాసిన కాయలన్నిట్లోనూ దాదాపు ఒకే జాతకం ఉంటుంది. పెద్ద కాయ గింజైనా, దాని పక్కన చిన్న కాయ గింజైనా ఒకటే. చూడాల్సిందల్లా, ఏ మొక్క వానకి తక్కువ పగిలింది, ఏది ఆకుమచ్చ వచ్చినా తట్టుకుంది, ఏది ముందు కాసింది. జులైలోనే ఆ మొక్కకి ఎర్ర రిబ్బన్ కట్టేస్తా. రిబ్బన్ ఉన్నదాని మంచి కాయలు వంటింట్లోకి రావు.

టమాటా తన పూతతో తానే కాయ కడుతుంది, నిజమే. కానీ పూర్తిగా కాదు. ఈ పువ్వు చూడండి, ఇది బ్లాక్ క్రిమ్ మొదటి పూత, రెండు మూడు పూలు కలిసి అతుక్కుపోయినట్టుంది. మధ్యలో పచ్చటి కాడ బయటికి పొడుచుకొచ్చింది కదా. ఇలాంటి పువ్వు మీద తుమ్మెద వాలితే పక్క మొక్క పుప్పొడి అంటుకుంటుంది. అందుకే విత్తనానికి ఈ అతుకు పూలు వద్దు. మామూలు గుత్తి ఒకటి ఎంచుకుని, మొగ్గ విచ్చకముందే నెట్ సంచి తొడగండి. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇస్తారే, ఆ సంచులే. రోజూ పొద్దున కొమ్మని వేలితో రెండుసార్లు తట్టండి, పుప్పొడి రాలుతుంది. పిందె పడ్డాక సంచి తీసి, గుర్తుగా దారం కట్టండి.

కాయ బాగా పండి మెత్తబడ్డాక అడ్డంగా కోసి, గింజల్ని జిగురుతో సహా గాజు సీసాలోకి పిండండి. నీళ్ళు పోయకపోయినా ఫర్వాలేదు, మరీ చిక్కగా ఉంటే రెండు చెంచాలు. పైన పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. ఆ జిగురులో గింజని మొలకెత్తనివ్వని పదార్థాలుంటాయి, పులిస్తే అవి విరిగిపోతాయి. గింజ మీదున్న కొన్ని తెగుళ్ళు కూడా తగ్గుతాయి. రెండు మూడు రోజుల్లో పైన తెల్లటి బూజు తెట్టు కడుతుంది. ఇదిగో వోల్కోవ్ సీసా, నిన్నటికి ఇలా ఉంది. వాసన గురించి అడగొద్దు, దీన్ని వంటింట్లోంచి గ్యారేజీకి పంపించేశారు. ఇంతకంటే ఎక్కువ రోజులు ఉంచితే సీసాలోనే మొలకలొచ్చేస్తాయి, జాగ్రత్త.

ఇప్పుడు నీళ్ళు పోసి కలుపుతున్నా. చూశారా, మంచి గింజలు అడుగుకి దిగాయి, తేలుతున్నవి తాలు. పైది వంచేయండి. మూడు నాలుగు నీళ్ళు కడిగి పింగాణీ పళ్ళెంలో పల్చగా ఆరబెట్టండి. టిష్యూ మీద పోస్తే అతుక్కుని ఊడి రావు. ఎండలో వద్దు, ఫ్యాన్ గాలి చాలు. రోజుకోసారి వేళ్ళతో విడదీయండి. ఆరాక గింజ మీద సన్నటి నూగు కనిపిస్తుంది, అది బూజు కాదు, టమాటా గింజ అలాగే ఉంటుంది. కవరు మీద రకం, సంవత్సరం రాసి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెడితే నాలుగైదేళ్ళు హాయిగా మొలుస్తాయి.

ఇదంతా ఇంట్లో చేసుకునే చిన్న పని కదా అనుకుంటాం. ఉక్రెయిన్ జాతీయ విత్తన బ్యాంకు ఖార్కివ్‌లో ఉండేది, లక్షా యాభై వేల పైచిలుకు నమూనాలు. 2022 మే నెలలో దాని దగ్గరి పరిశోధన కేంద్రం దాడుల్లో దెబ్బతింది. అప్పటికి నార్వేలోని స్వాల్‌బార్డ్ ప్రపంచ విత్తన ఖజానాలో భద్రంగా ఉన్నది దాన్లో 4 శాతం మాత్రమే. తర్వాత విత్తనాల్ని దేశానికి పడమటి వైపు తరలించారు. టమాటాలకి పేరున్న ఖేర్సన్ వైపు 2023 జూన్ 6న కఖోవ్‌కా ఆనకట్ట కూలిపోయి సాగునీరే లేకుండా పోయింది. ఇవి విన్నాక నేను ప్రతి రకం గింజలూ రెండు వేరు వేరు ఇళ్ళల్లో పెట్టడం మొదలుపెట్టాను. ఒక డబ్బా మా దగ్గర, ఒకటి కొలంబస్‌లో మా తమ్ముడి ఫ్రిజ్‌లో.

హైదరాబాద్, విజయవాడ నుంచి చూసే మిద్దెతోట వాళ్ళు ఎప్పుడూ అడిగేది, "అక్కా, వచ్చేటప్పుడు గింజలు తెస్తారా?" తేనండీ. విత్తనాలు ఇండియాలోకి తేవాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అది ఊరికే పెట్టిన రూల్ కాదు. టమాటా బ్రౌన్ రూగోస్ అనే వైరస్ గింజ మీద ఎక్కి దేశాలు దాటుతోంది, సూట్‌కేసులో పొట్లం కట్టుకొస్తే మదనపల్లె రైతుకి ముప్పు తెచ్చినట్టే. మీకు పూసా రూబీ అనే మన టమాటా రకం ఉంది, హైబ్రిడ్ కాదు, పులుపు బాగుంటుంది, ఇప్పుడు చెప్పిన పద్ధతంతా దానికీ పనిచేస్తుంది. నాటడం మాత్రం ఎండలు తగ్గాకే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా వేడిగా ఉంటే ఏ రకమైనా పూత రాల్చేస్తుంది.

అయితే మార్కులు: వోల్కోవ్‌కి పదికి తొమ్మిది, పర్పుల్‌కి ఎనిమిది, బ్లాక్ క్రిమ్‌కి ఏడు. సలాడ్ తినే ఇల్లయితే బ్లాక్ క్రిమ్‌కి ఇంకో రెండు మీరే కలుపుకోండి. పర్పుల్ గింజలు ఇంకా సీసాలోనే ఉన్నాయి, రేపు కడుగుతా. ఆరాక పది గింజలు తడి టిష్యూలో చుట్టి పెట్టి ఎన్ని మొలిచాయో వచ్చే వీడియోలో చూపిస్తాను. మీ దగ్గర పూసా రూబీ గింజలు దాచినవాళ్ళుంటే ఎన్నేళ్ళవి మొలిచాయో కింద రాయండి. ఉంటానండీ.