సర్కస్ సింహం లెక్క: లాభాపేక్ష లేని సంస్థకు టికెట్ ఎందుకు?

(తిరుపతి జూ పార్కు గేటు బయట. వెనక బస్సుల హారన్లు.)

నమస్తే అండీ. పోయిన నెల మా కళా సంస్థ సభ పెట్టిన కార్యక్రమానికి వచ్చిన ఒకాయన గేటు దగ్గర నిలబడి నన్ను అడిగాడు: "లాభాపేక్ష లేని సంస్థ అని బోర్డు పెట్టుకున్నారు, మళ్లీ టికెట్ ఏంటి సామీ?" ఇదే ప్రశ్న ఎన్నోసారో నాకే గుర్తులేదు. టికెట్ పెడితే వ్యాపారం, పెట్టకపోతే సేవ అని మనవాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని చూపించడానికే ఇంత ఎండలో ఇక్కడికి వచ్చాను.

ఈ జూ 1987 సెప్టెంబర్ 29న మొదలైంది. విస్తీర్ణం 5,532 ఎకరాలు. 1963లో తెరిచిన హైదరాబాద్ జూ సుమారు 380 ఎకరాలే. అంటే పద్నాలుగు హైదరాబాద్ జూలు ఇందులో పట్టేస్తాయి. "అంతా తిరిగేశామే" అంటారు కొందరు. మీరు తిరిగింది కొంత భాగమే. చాలా వరకు అడవే, కొండ కింది అడవి.

సరే, ఇంత పెద్ద జూ చేసే పని ఏంటి? కొత్త పులి, కొత్త జిరాఫీ తెచ్చి జనానికి చూపించడమేనా? ఇక్కడే నాకు బాగా నచ్చిన సర్కస్ సింహం కథ చెప్పాలి.

పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటితో ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకెక్కారు, 2001లో సుప్రీంకోర్టు నోటిఫికేషన్‌నే సమర్థించింది. మరి డేరాల్లో ఉన్న సింహాలు ఎక్కడికి పోవాలి? అప్పుడు దేశంలో కొన్నిచోట్ల రెస్క్యూ సెంటర్లు పెట్టారు, వాటిలో తిరుపతి ఒకటి. ఆ సింహాల్లో చాలావాటిది ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసిపోయిన రక్తం. అందుకే వాటికి పిల్లలు పుట్టనివ్వలేదు. జనానికి చూపించడానికి పెట్టినవీ కావు. టికెట్ రాదు, కూన రాదు. కానీ కేజీల కొద్దీ మాంసం మాత్రం పడాలి. జ్వరం వస్తే డాక్టర్ రావాలి. పళ్లు ఊడిపోయిన ముసలి సింహానికి కీపర్ మాంసం చిన్న ముక్కలుగా కోసి పెట్టాలి. ఆ సింహం చచ్చేదాకా ఇదే పని.

ఇలాంటి ఖర్చులకు డబ్బు కావాలి. మీరు ముందు గేటు దగ్గర కొన్న టికెట్ డబ్బు కూడా జూ నడవడానికే. ఇంకో మాట, గుర్తింపు పొందిన జూ వారంలో కనీసం ఒక రోజు మూసేయాలని రూల్. వ్యాపారమైతే ఆదివారం రద్దీ చూసినవాడు ఏ వారమూ గేటు మూయడు కదా.

ఇప్పుడు మన చిత్తూరు వైపు భారతం తీసుకోండి. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు జరిగే ఉత్సవం అది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జున తపస్సు రోజు మానెక్కే వేషగాడిని చూడటానికి జనం తోసుకుంటారు. చివరి రోజు మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడి చుట్టూ ఇసుకేస్తే రాలదు. కానీ నాలుగో రోజు మధ్యాహ్నం హరికథకు? పందిరి కింద ఆరుగురు అవ్వలు, నిద్రపోయే ఒక తాత, కింద పడుకున్న కుక్క. ఆ నాలుగో రోజు హరికథే మన సర్కస్ సింహం! దానికి చందా ఎవడూ ప్రత్యేకంగా ఇవ్వడు. అయినా హరిదాసుకు భోజనం, సంభావన తప్పవు. దాన్ని తీసేసి దుర్యోధన వధ ఒక్కటే పెట్టుకుంటే డబ్బు బాగా మిగులుతుంది, కానీ భారతం మిగలదు.

కళా సంస్థ నడిపేవాడి పని అదే అంటాను నేను. చివరి రోజు వచ్చిన డబ్బుతో నాలుగో రోజును బతికించడం. శాలువాలు కప్పడం, ఫ్లెక్సీలో మధ్యన నిలబడటం నాయకత్వం అనుకునే అధ్యక్షులు మనకు కొదవ లేదు, వాళ్ల గురించి నేను మాట్లాడను, మాట్లాడితే వీడియో రెండు గంటలవుతుంది.

అయ్యో, టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. లాభాపేక్ష లేదంటే మిగులు ఉండకూడదని కాదు, మిగిలింది సభ్యులు పంచుకోకూడదని. పనిచేసినవాడికి జీతం ఇవ్వొచ్చు. పన్ను మినహాయింపు కావాలంటే మామూలుగా ఆదాయంలో 85 శాతం ఆశయానికే ఖర్చుపెట్టాలి. మిగతా 15 శాతం రేపటి కోసం దాచుకోవచ్చు.

చివరిది. జూ క్యూరేటర్, అంటే జూ నడిపే పెద్ద, అటవీ శాఖ ఆఫీసరు, బదిలీ అయిపోతాడు. ఆయన పోయినా మాస్టర్ ప్లాన్ కాగితం మీద ఉంటుంది, సింహానికి మాంసం అందుతుంది. మా సభలో అలా కాదు. పాత కార్యదర్శి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక తెలిసింది, దాతల ఫోన్ నంబర్లన్నీ ఆయన గుడ్డసంచిలోని చిన్న డైరీలో ఉన్నాయని. సంచి దొరికింది. డైరీ కోసం వాళ్ల ఇంట్లో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.