పాసైనా నమ్మలేదు: ఈస్ట్ లాస్ ఏంజెలెస్ పిల్లల లెక్కల కథ

నమస్తే అండి. ముందు ఒక చిన్న భాగహారం చేద్దాం. 157ని 6తో భాగించాలి. మనం ఎలా చేస్తాం? ఆరు రెళ్ళు పన్నెండు. 15 కింద 12 రాసి, గీత గీసి, మిగిలిన 3 వేసి, పక్కన 7 దించుకుంటాం. మెక్సికోలో చదివిన పిల్లలు చాలామంది ఆ 12 రాయరు. తీసివేత మనసులోనే చేసి, 15 కింద నేరుగా 3 వేస్తారు. తర్వాత 37, చివర 1. అంతే. జవాబు 26, శేషం 1, మనకొచ్చిందే.

ఇప్పుడు ఆ పిల్లాడు అమెరికా బడిలో చేరాడనుకోండి. ఈ పద్ధతి తెలియని టీచర్ మొదట అడిగేది "స్టెప్స్ ఏవి?" అనే. ఇంకొంచెం ముందుకెళ్తే, "ఎవరిది చూసి రాశావ్?" ఇలాంటివి నాలుగైనా చాలు, "లెక్కలు నావల్ల కాదు" అని వాడే అనేస్తాడు. సంఖ్యల పేర్లతోనూ ఇదే తికమక. స్పానిష్‌లో బిల్యోన్ అంటే లక్ష కోట్లు, అమెరికన్ల బిలియన్ అంటే వంద కోట్లు. లక్షలూ కోట్లూ మోసుకుని అమెరికా వెళ్ళిన మనకు ఈ తికమక చెప్పక్కర్లేదు కదా. కానీ మన పిల్లాడు తప్పు చేస్తే "అయ్యో, ఇండియన్‌వి కదా, నీకు రావాలే" అంటారు. లాటినో పిల్లాడు, అంటే మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల కుటుంబాలవాడు, ఒప్పు చేస్తేనే అనుమానం.

ఇది ఊరికే అనడం లేదు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో గార్ఫీల్డ్ హైస్కూల్ ఉంది. దాదాపు అందరూ మెక్సికన్ కుటుంబాల పిల్లలే. 1974లో హైమే ఎస్కలాంటే అక్కడ టీచర్‌గా చేరాడు. బొలీవియాలో లెక్కలూ ఫిజిక్సూ చెప్పినవాడే, కానీ అమెరికాలో ఆ డిగ్రీ చెల్లలేదు. హోటల్లో నేల తుడిచి, రాత్రిపూట మళ్ళీ చదువుకుని వచ్చాడు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, "గానాస్". మన భాషలో చెప్పాలంటే కసి.

ఆయన పిల్లలు కాల్‌క్యులస్‌లో సాధించినదాన్ని ఒక్క ఏడాదిలో జరిగిన అద్భుతంలా చెప్పుకుంటారు. నాకది నచ్చదు. కాల్‌క్యులస్ క్లాసు మొదలుపెట్టడానికే ఆయనకు నాలుగేళ్ళు పట్టింది, 1978 దాకా. పన్నెండో తరగతిలో కాల్‌క్యులస్ కావాలంటే ఎనిమిదిలోనే ఆల్జీబ్రా అయిపోవాలి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు అమ్మానాన్నలకు ఈ మెట్ల లెక్క నోటికొచ్చు. అది చెప్పేవాళ్ళు లేని ఇంట్లో పిల్లలకు, తలుపు మూసుకుపోయిందన్న సంగతి కూడా పదకొండో తరగతి దాకా తెలియదు. ఎస్కలాంటే కింది మెట్ల నుంచి కట్టుకుంటూ వచ్చాడు. ఆ కష్టం ఈ కథ చెప్పే వీడియోల్లో ఎవరూ చూపించరు, బోరు కొడుతుంది మరి.

1982లో అక్కడి పిల్లలు 18 మంది ఏపీ కాల్‌క్యులస్ రాశారు. ఏపీ అంటే మన ఆంధ్రా కాదు లెండి, కాలేజీ స్థాయి పరీక్ష. 18 మందీ పాస్. అప్పుడు పరీక్ష పెట్టిన సంస్థ 14 మందిని కాపీ కొట్టారని అనుమానించింది. తప్పులు ఒకేలా ఉన్నాయట! ఒకే టీచర్ దగ్గర, ఒకే పద్ధతిలో నేర్చుకుంటే తప్పులు కూడా ఒకేలా రావా? అదే ఫలితం డబ్బున్న పేటలోని బడిలో వచ్చుంటే ఇంత గొడవ జరిగేదా అని ఎస్కలాంటే అడిగాడు. నాదీ అదే ప్రశ్న.

ఆ 14 మందిలో 12 మంది ఆగస్టులో మళ్ళీ పరీక్షకు కూర్చున్నారు. క్లాసులు అయిపోయి నెలలు గడిచాయి. 12 మందీ మళ్ళీ పాసయ్యారు. పాత మార్కులు వాళ్ళకు తిరిగిచ్చారు.