యార్క్‌లో ఒక ఇంఫాల్

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: చరిత్ర అధ్యాపకురాలు, విశ్రాంత సుబేదార్, యార్క్‌లో పీజీ చేసి వచ్చిన విద్యార్థిని)

యాంకర్: నమస్కారం. ఇవాళ మన చర్చ ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరం గురించి. అక్కడి సైనిక సంప్రదాయాలతో మనకేం పని అని చాలామంది అనుకుంటారు. మేడం, ముందు మీరే చెప్పండి.

అధ్యాపకురాలు: ఆ ఊళ్లో ఫుల్‌ఫర్డ్ రోడ్డు మీద ఒక సైనిక స్థావరం ఉంది. పేరు ఇంఫాల్ బ్యారక్స్. అవునండీ, మన మణిపూర్ ఇంఫాలే. 1944లో జపాన్ సైన్యం బర్మా దాటి ఇంఫాల్, కోహిమాల మీదకు వచ్చినప్పుడు వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అక్కడ పోరాడింది. ఆ పోరాటం పేరే ఈ స్థావరానికి పెట్టుకున్నారు. అదే ఆవరణలో కోహిమా మ్యూజియం కూడా ఉంది.

యాంకర్: అంతకుముందు నుంచీ అది సైనికుల ఊరేనా?

అధ్యాపకురాలు: పుట్టడమే సైనిక శిబిరంగా పుట్టింది. క్రీ.శ. 71లో రోమన్ సైన్యంలోని తొమ్మిదో లీజియన్, అంటే వేలమంది సైనికుల దళం, అక్కడ కోట కట్టింది. 306లో కాన్‌స్టాంటైన్‌ను సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది కూడా అక్కడే. సరే, అది పాత కథ. నాకు కావాల్సింది ఇటీవలి వందేళ్లు.

యాంకర్: అమ్మా, మీరు అక్కడ ఉన్నప్పుడు ఫిరంగుల వందనం చూశారట కదా?

విద్యార్థిని: చూశానండీ. మ్యూజియం గార్డెన్స్ అని ఊరి నడిబొడ్డున పార్కు. పక్కనే సెయింట్ మేరీస్ ఆబీ అనే పాత క్రైస్తవ మఠం శిథిలాలు. పచ్చికలో 105 ఎంఎం ఫిరంగులు వరసగా పెట్టారు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి మొదటిది పేలింది. గుండె మీద ఎవరో అరచేత్తో గట్టిగా కొట్టినట్టు తగిలింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. నా ముందున్న పాప రెండు చెవులూ మూసుకుని, వేళ్ల సందుల్లోంచి మళ్లీ మళ్లీ వింటోంది. ఇరవై ఒకటి లెక్కపెట్టాను. చివర్న పొగంతా నది వైపు కదిలిపోయింది.

సుబేదార్: మాకూ ఇరవై ఒకటే. ఢిల్లీలో జనవరి 26న జాతీయ గీతం మొదలై పూర్తయ్యేలోపు మొత్తం పేలాలి. ఫిరంగి దగ్గరున్న వాడి టెన్షన్ బయటివాళ్లకు తెలీదు.

అధ్యాపకురాలు: లండన్ హైడ్ పార్క్‌లో 41. రాజోద్యానం కాబట్టి ఇరవై అదనం. యార్క్‌లో మాత్రం ఇరవై ఒకటే.

సుబేదార్: నాకు ఫిరంగి కంటే పతాకం ముఖ్యం. మా భాషలో నిషాన్. యార్క్ మిన్‌స్టర్ చర్చిలో పాత రెజిమెంట్ల పతాకాలు వేలాడదీసి ఉంటాయి. చిరిగినా కుట్టరు, కొత్తది పెట్టరు. పట్టు పోగులుగా విడిపోయి, దారాల వలలా మిగిలినా అలాగే ఉంచుతారు. దాని కాలం అది గడిపి పోవాలన్నమాట. మన దగ్గరా స్వాతంత్ర్యానికి ముందరి పతాకాలను 1950 నవంబరు 23న డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలోని చెట్‌వుడ్ హాల్‌లో గౌరవంగా దించి భద్రపరిచారు. పారెయ్యలేదు. ఆ పతాకం కింద మనవాళ్లు చచ్చిపోయారు కాబట్టి.

అధ్యాపకురాలు: సుబేదార్ గారూ, మీ మాటను కాదనను. కానీ అదే మిన్‌స్టర్‌లో నన్ను నిలబెట్టేది ఇంకొకటి. ఫైవ్ సిస్టర్స్ అని పదమూడో శతాబ్దపు పెద్ద గాజు కిటికీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మహిళల జ్ఞాపకార్థం దాన్ని బాగుచేయించి 1925లో అంకితం చేశారు. దగ్గర్లో ఓక్ చెక్క పలకల మీద 1,400కు పైగా పేర్లు. నర్సులు, మందుగుండు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు. కవాతులో ఎప్పుడూ కనపడని మనుషులు వీళ్లు. వేలమంది ఆడవాళ్లు తలా కొంత చందా వేసుకుంటేనే ఇది జరిగింది.

సుబేదార్: ఒప్పుకుంటానమ్మా. అది నాకు తెలియదు.

యాంకర్: ఒక కష్టమైన ప్రశ్న. ఇంఫాల్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ అవతలి పక్షాన ఉంది. అలాంటప్పుడు బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవాళ్లను మనం ఎలా చూడాలి?

అధ్యాపకురాలు: ఇద్దరినీ చూడాలి. 1944 ఏప్రిల్‌లో మొయిరాంగ్‌లో నేతాజీ సేన జెండా ఎగరేసింది. అదే నెల కోహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ కందకాలు తవ్వుకుని రెండు సైన్యాలు కొట్టుకున్నాయి. బ్రిటిష్ పక్షాన ఉన్నవాళ్లలో చాలామంది భారతీయులు. జీతం కోసం చేరినవాళ్లున్నారు, తాతతండ్రుల దారిలో చేరినవాళ్లున్నారు. వాళ్లను సామ్రాజ్యం ఖాతాలో రాసి మరచిపోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

సుబేదార్: తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి మనుషులు వెళ్లారు. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకున్న ఊరది. ఆ ఇళ్లలో తాతల మెడల్స్ ట్రంకుపెట్టెల్లో ఉంటాయి. దేని మెడల్ అని అడిగితే మనవడు చెప్పలేడు.

విద్యార్థిని: మిన్‌స్టర్ పక్కన డీన్స్ పార్క్ ఉందండీ. అక్కడ పాత ఆర్చిబిషప్ భవనం తాలూకు రాతి కమానులు మిగిలాయి. కోహిమాలో పోరాడిన బ్రిటిష్ సైన్యం సెకండ్ డివిజన్‌కు అదే స్మారకం. నేను రోజూ ఆ దారినే లైబ్రరీకి వెళ్లేదాన్ని. కోహిమా అన్న మాట కనిపించాక ఆ రోజు క్లాసుకి వెళ్లలేదు. అక్కడే కూర్చున్నాను.

అధ్యాపకురాలు: కోహిమా యుద్ధ శ్మశానంలో 1,420 సమాధులు. వాటితోపాటు దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లకు వేరే స్మారకం ఉంది. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డుల్లో చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఎవరైనా వెతుక్కోవచ్చు.

సుబేదార్: జిల్లా కూడానా? గోదావరి, కృష్ణా అని?

అధ్యాపకురాలు: అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగులో. ఊళ్ల పేర్లు గుర్తుపట్టడం కొంచెం కష్టం.

సుబేదార్: నేను గుర్తుపడతాను. అమ్మాయ్, ఆ ఫోన్లో తెరిచి చూపించు. నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో...