సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా

శ్రోతలకు నమస్కారం.

మా మేనకోడలు టోక్యోలో ఉంటోంది. అల్లుడి ఉద్యోగం అక్కడ. ఎదొగావా వార్డులో నిషి కసాయ్ అనే పేట వాళ్లది. 2000 సంవత్సరం ప్రాంతంలో కంప్యూటర్ ఇంజనీర్లుగా వెళ్లిన మనదేశంవాళ్లు ఎక్కువమంది కాపురాలు పెట్టింది అక్కడే. ఆఫీసులకు నేరుగా రైలుంది, కందిపప్పూ కరివేపాకూ దొరుకుతాయి. మొన్న సంక్రాంతికి ఫోన్ చేసి, "మామయ్యా, పక్కింటి జపానావిడ తన కూతురికి ఇంగ్లీషు చెప్పమంటోంది. ఆవిడ స్నేహితురాళ్లు ఇద్దరు కూడా అడిగారు. ఒక చిన్న గది అద్దెకు తీసుకుని స్కూలు పెట్టేయనా?" అంది.

నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో చేసినవాణ్ణి. కిరాణా కొట్టు నుంచి కాన్వెంటు దాకా ఎన్ని లోను దరఖాస్తులు చూశానో లెక్కలేదు. బడి పెడతామని వచ్చినవాళ్లందరూ మొదట చెప్పేది ఒకటే: "నాకు పాఠం చెప్పడం బాగా వచ్చండీ." వచ్చే ఉంటుంది. అది చూసి మాత్రం నేను అప్పివ్వలేదు. కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఏ వారం ఏ గంటకు కూర్చుంటారు, ఎప్పుడు లేచి వెళ్లిపోతారు, ఇవి రాసుకురమ్మనేవాణ్ణి. అమ్మాయినీ అదే రాయమన్నాను.

జపాన్‌లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే బళ్లను ఎయ్‌కైవా అంటారు. వీధికొకటి కనిపిస్తుందట, మన అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల్లాగా. ఆ వ్యాపారం గురించి తెలుసుకోవాలంటే 2007లో జరిగిన సంగతి చెప్పుకోవాలి. నోవా అని దేశంలోకెల్లా పెద్ద గొలుసు సంస్థ ఉండేది. తొమ్మిది వందల పైచిలుకు శాఖలు, వేలమంది విదేశీ టీచర్లు, టీవీలో గులాబీరంగు కుందేలు బొమ్మ. వందల పాఠాలకు టికెట్లు ఒకేసారి అమ్మి, డబ్బు ముందే తీసుకునేవాళ్లు. మధ్యలో మానేసినవాళ్లకు డబ్బు వెనక్కిచ్చేటప్పుడు మాత్రం లెక్క వేరేగా కట్టేవాళ్లు. ఆ లెక్క చెల్లదని ఆ ఏడాది ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జూన్‌లో ప్రభుత్వం ఏడాది మించిన కొత్త ఒప్పందాలను ఆరునెలలపాటు ఆపేసింది. అక్టోబరుకల్లా సంస్థ చేతులెత్తేసింది. జీతాలు రాని టీచర్లు కొందరు తిండి పెడితే చాలు పాఠం చెబుతామన్న పరిస్థితి వచ్చింది.

ముందుగా పుచ్చుకున్న ఫీజు ఆదాయం కాదు, అప్పు. పాఠం చెప్పేదాకా అది అవతలివాళ్ల డబ్బే. కొత్త శాఖ అద్దెకు పాత విద్యార్థి డబ్బు వాడటం మొదలైతే ఇక ఆగదు. మన ఊళ్లో చిట్టీలు మునిగేదీ ఇలాగే కదా! అందుకే అమ్మాయికి, ఏ నెల ఫీజు ఆ నెల పుచ్చుకో అని చెప్పాను. అక్కడ దీన్ని గెష్షా అంటారు, చిన్న బళ్లన్నీ ఈ పద్ధతే. ఇందులో ఇంకో సుఖముంది. రెండు నెలలు దాటి, 50 వేల యెన్‌లు మించిన ఒప్పందమైతే చట్టప్రకారం కాగితాలివ్వాలి, ఎనిమిది రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కూ ఇవ్వాలి. ఏ నెలకానెల అయితే ఆ బాదరబందీ లేదు.

తర్వాత వీసా. ఇక్కణ్ణుంచి వెళ్లి అక్కడ సొంత బడి పెట్టాలనుకునేవాళ్లకు ఒకప్పుడు 50 లక్షల యెన్‌ల మూలధనం ఉంటే వ్యాపార వీసాకు దారి ఉండేది. 2025 అక్టోబరు 16 నుంచి ఆ మొత్తం 3 కోట్ల యెన్‌లయింది. మన లెక్కలో కోటిన్నర రూపాయల పైమాటే. పైగా ఒక పూర్తికాలపు ఉద్యోగిని పెట్టుకోవాలి, జపనీసు బాగా వచ్చినవాళ్లెవరైనా ఉండాలి. పదిహేనుమంది పిల్లలకు ఏబీసీడీలు నేర్పడానికి కోటిన్నర పెట్టే బుద్ధిమంతులు ఎవరైనా ఉంటే నాకు కబురు చేయండి, ఓసారి చూసి వస్తాను.

మా అమ్మాయి సంగతి వేరు. భర్త మీద ఆధారపడిన వీసా. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పని చేసుకోవచ్చు. కానీ ఆ అనుమతి ఒకరి దగ్గర ఉద్యోగం చేయడానికి వచ్చినంత తేలిగ్గా సొంత వ్యాపారానికి రాదు, దానికి విడిగా అడగాలి. ఈ తేడా ఆమెకు తెలియదు. పక్కింటావిడ ఇచ్చే ఫీజుకు అనుమతేంటి అనుకుంది.

ఇక అసలు లెక్క. నేను కాగితం పట్టుకున్నాను, ఆమె అటునుంచి అంకెలు చెప్పింది. ఇవి మేమిద్దరం ఊహించుకున్నవి, ఎవరి ఖాతా పుస్తకంలోవీ కావు. పిల్లకు నెలకు 8 వేల యెన్‌లు, వారానికొక గంట. గది అద్దె లక్షా ఇరవై వేలు. కరెంటు, పుస్తకాలు, కరపత్రాలు కలిపి 50 వేలు. ఆమె కష్టానికి నెలకు రెండున్నర లక్షలు. మొత్తం 4 లక్షల 20 వేలు. దాన్ని 8 వేలతో భాగిస్తే 53 మంది పిల్లలు. తరగతికి ఆరుగురు చొప్పున వారానికి తొమ్మిది తరగతులు. "అంతేనా మామయ్యా!" అని సంబరపడింది.

ఆ తొమ్మిదీ ఎప్పుడు పెడతావు అన్నాను. పిల్లలు బడి నుంచి వచ్చేది మధ్యాహ్నం మూడు దాటాక. ఏడయ్యేసరికి ఇంటికెళ్లాలి, అన్నం తినాలి, స్నానం చేయాలి. అంటే రోజుకు నాలుగు నుంచి ఏడు దాకా మూడు గంటలు, వారానికి ఐదు రోజులు. మొత్తం పదిహేను తరగతులు. ఎంత గొప్ప టీచరైనా పదహారోది పెట్టలేరు. పైగా ప్రతి తరగతిలో ఆరుగురూ నిండరు. ఒకడికి మంగళవారం ఈత, ఇంకో పాపకు గురువారం పియానో. సగటున నలుగురు కూర్చుంటే 53 మందికి పద్నాలుగు తరగతులు కావాలి. ఉన్న పదిహేనులో పద్నాలుగు! ఒక్క జ్వరానికి కూడా చోటు లేదు.

ఇంతలో మార్చి వస్తుంది. అక్కడ విద్యాసంవత్సరం మార్చితో ముగిసి ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆరో తరగతి అయిన పిల్లలు మిడిల్ స్కూలుకు వెళ్తారు. అక్కడ సాయంత్రాలు క్లబ్బుల ఆటపాటలకు, ఆపైన ట్యూషన్లకు పోతాయి. నాలుగేళ్లు నీ దగ్గర చదివిన పిల్ల ఒకే వారంలో మానేస్తుంది. ఫీజు పెంచావనో పాఠం బాగాలేదనో కాదు, పన్నెండేళ్లు వచ్చాయి, అంతే. వాళ్ల స్థానంలో కింద నుంచి చిన్నపిల్లలు రావాలి. 1973లో ఆ దేశంలో దాదాపు 20 లక్షల 90 వేలమంది పుట్టారు. 2024లో 6 లక్షల 86 వేలమంది. నిజమే, 2020 నుంచి ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు మార్కులున్న సబ్జెక్టయింది, తల్లులు ముందునుంచే పంపుతున్నారు. కానీ ఉన్న కొద్దిమందినీ వీధిలో ఎయ్‌కైవాలన్నీ పంచుకోవాలి.

పగటిపూట పదవీ విరమణ చేసినవాళ్లు వస్తారు కదా అంది. వస్తారు. శ్రద్ధగా వస్తారు, ఏళ్ల తరబడి మానరు. ఆ పేటలో ఎంతమంది ఉన్నారో తిరిగి చూడాలి. రాత్రి ఉద్యోగస్తులు టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం నేర్చుకుంటారు గానీ, వాళ్లకు ఫిలిప్పీన్స్ టీచర్లు ఇంటర్నెట్‌లో 25 నిమిషాల పాఠం చవగ్గా చెబుతున్నారు. ఆ ధరతో పోటీకి దిగొద్దన్నాను.

ఒక మాట కాస్త మొహమాటపడుతూ అడిగింది. అక్కడి ప్రకటనల్లో 'నేటివ్ టీచర్' అని ఉంటుంది, అంటే ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లని. ఆ మాట విన్న తల్లి కళ్లముందు మెదిలేది అమెరికా మొహమే. "మన ఇంగ్లీషుకు వస్తారా?" అని. మరి పక్కింటావిడ ఎందుకడిగింది? అదే కనుక్కోమన్నాను. కనుక్కుంది. ఆవిడకు కావలసింది ఇంగ్లీషులో లెక్కలు! 2007 ప్రాంతంలో జపాన్‌లో భారతీయ లెక్కల పద్ధతి మీద పెద్ద మోజు లేచింది, మన పిల్లలకు ఇరవయ్యో ఎక్కం దాకా నోటికొస్తుందని చెప్పుకునేవాళ్లు. టోక్యోలోని భారతీయ స్కూళ్లలో జపాన్ పిల్లలు కూడా చేరింది అందుకే. పంతొమ్మిదో ఎక్కం ఇంగ్లీషులో చెప్పే టీచరు ఆ వీధిలో ఇంకొకరు లేరు. నా బల్లమీదికి ఆ దరఖాస్తు వచ్చుంటే రెండోసారి చదివేవాణ్ణి.

గది మాత్రం తీసుకోవద్దన్నాను. అక్కడ దుకాణం గదికి నెలల తరబడి అద్దె డిపాజిట్టుగా కట్టాలి, పైగా గది యజమానికి తిరిగిరాని కానుక సొమ్ము అడిగేవాళ్లూ ఉన్నారు. ముందు ఎవరిదైనా చిన్న ఎయ్‌కైవాలో ఒక మార్చి గడిచేదాకా పనిచెయ్ అన్నాను. చిన్నబుచ్చుకుంది. రెండు రోజులు ఫోన్ లేదు.

ఇప్పుడు ఒక బళ్లో వారానికి తొమ్మిది గంటలు చెబుతోంది. మొన్న ఏప్రిల్ మొదటివారంలో తనే చేసింది. "మామయ్యా, ముప్పై నలుగురిలో పదకొండుమంది వెళ్లిపోయారు. కొత్తగా చేరింది ఆరుగురు. ఓనరమ్మ మాత్రం ఏటా ఇంతేనని టీ తాగుతూ కూర్చుంది. ఆవిడ గది సొంతం, అద్దె లేదు!" అంది. కాస్త ఆగి, "మనం వేసిన కాగితం నీ దగ్గరుందా? అద్దె గీత కొట్టేసి మళ్లీ వేద్దాం" అంది.