షుగర్ ఉన్నోళ్లు వ్యాయామం ఎట్ల మొదలుపెట్టాలె?

నమస్తే అండి. షుగర్ వచ్చి ఏండ్లయినోళ్లు తరచు చెప్పే మాట: "ఏం చెయ్యబుద్ధి కాదు, నిద్ర పట్టదు, చిన్న పుండైనా తొందరగ మానదు." షుగర్ అదుపు తప్పితే ఒంట్లో కంటికి కనపడని సన్నని వాపు ఎప్పుడూ నడుస్తనే ఉంటది. రక్షణ కణాలు మందగిస్తయి, మనసు మీద గూడ ఆ ప్రభావం పడుతది. కండరం కదిలినప్పుడు అందులోంచి వచ్చే ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం ఈ వాపును తగ్గించే పదార్థాలను పెంచుతది. అయితే ఒకనాటి వ్యాయామం ఫలితం ఒకటి రెండు రోజులే. అందుకే వరుసగ రెండు రోజులకు మించి మానొద్దు.

ముందుగాల కుర్చీ వ్యాయామం. కుర్చీని గోడకు ఆనించండి. పలుచటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతది. అంచుకు జరిగి కూర్చోండి, పాదాలు కొంచెం వెనక్కి. ఇప్పుడు నా మోకాలు దగ్గరగ చూడండి: లేస్తుంటే లోపలికి వంగుతున్నది కదా, ఇది తప్పు. మోకాలు కాలి రెండో వేలి దిక్కే ఉండాలె. లేచేటప్పుడు గాలి వదలండి, ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారి పైకి పోతది. దబ్బున కూలబడొద్దు, మూడు లెక్కపెట్టుకుంట దిగండి. 8 సార్లు, రెండు దఫాలు, వారానికి రెండు మూడు రోజులు.

మన నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరోసిస్‌తో (నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పట్టేసే జబ్బు) నడుము పట్టేసినోళ్లున్నరు. మీరు బలవంతంగ వంగొద్దు. గట్టి దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచుకోండి, సగం లేచినా చాలు.

ఇగ నడక. మూడు పూటలా తిన్నంక పది నిమిషాలు, వారానికి ఐదు రోజులు: 150 నిమిషాలయితయి. నడుస్తుంటే మాట్లాడగలగాలె, పాట పాడలేకపోవాలె. గుండె వేగాన్ని తగ్గించే అటెనోలాల్, మెటోప్రొలాల్ గోలీలు వేసుకునేటోళ్లు చేతి గడియారం చూపే గుండె వేగాన్ని నమ్మొద్దు, ఈ మాటల లెక్కే సరైంది. ఎండకాలం పానగల్లు ఉదయ సముద్రం చెరువు కట్ట మీదికి ఏడు గంటల లోపే పోండి. మధ్యాహ్నం ఇంట్లోనే నడవండి.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ అనే షుగర్ గోలీ వాడేటోళ్లు వ్యాయామానికి ముందు షుగర్ చూసుకోవాలె. 90 కన్నా తక్కువుంటే ఒక అరటిపండు తినండి. 250 దాటి, వాంతులో నీరసమో ఉంటే ఆనాడు వద్దు, డాక్టర్‌కు చూపించుకోండి. వ్యాయామం మధ్యల చెమటలు, వణుకు వస్తే కూర్చొని మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లల్ల కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ల చూడండి. ఛాతిలో నొప్పయితే వెంటనే 108. జ్వరముంటే తగ్గేదాక ఆపండి.

అరికాళ్లు తిమ్మిరెక్కినోళ్లు చెప్పులు లేకుండ నడవొద్దు. బూట్లు దులిపి వేసుకోండి, వచ్చినంక అద్దం పెట్టి అరికాలు చూసుకోండి.

మనసు కుదుటపడిందని డిప్రెషన్ గోలీలు మీ అంతట మీరే ఆపొద్దు. బతుకు మీద ఆశ లేదనిపిస్తే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి-మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. తెలుగులనే మాట్లాడుతరు.